ఆరకముందే దింపిన పట్టీలు

"రాళ్ళు దింపకు. ఇంక పచ్చిగనే ఉన్నయ్."

"సేఠ్ మనిషిని తోలిస్తే?"

"నేనొచ్చేదాంక ఆగుమను."

"గట్లనే. పో, పొద్దెక్కుతుంది."

మా ఆయనా నేనూ చివరిసారి మాట్లాడుకున్నది ఇదే. మంచి మాట కాదు, చెడ్డ మాట కాదు, పని మాట. ఇంటి దూలానికి బెల్టు పట్టీలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కోదాని కొసకు ఒక్కో రాయి కట్టి ఉంది. ఆయన వాటి కిందనుంచి తల వంచుకుని బయటికి పోయాడు. మధ్యాహ్నానికి నయాపూల్ దగ్గర ఆయన పనిచేసే సేఠ్ అంగట్లోనే, కూర్చున్న చోటే గుండె ఆగిపోయింది. టాంగాలో తెచ్చి గుమ్మం ముందు దించారు.

ఆ మాటల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాల్సి వచ్చింది. మా మరిది కొడుకు రాములు మొన్న వచ్చి, అదే అంగట్లో పనికి కుదిరానని చెప్పాడు. "పెద్దబాపు కూసున్న జాగనే నాకిస్తమన్నరు పెద్దమ్మా" అని మురిసిపోయాడు. ఆ మురిపెం చూసే నోరు విప్పుతున్నాను.

నాకు రాయడం రాదు. అక్షరాలు గుర్తుపడతాను, కూడబలుక్కోవడం రాదు. మా తమ్ముడి కూతురు సుశీల తెలుగు బడిలో చదువుకుంది, అది రాస్తోంది. నేను నా తీరుగా చెబుతుంటే అది బడిలో నేర్చుకున్న తీరుగా రాస్తోంది. రాసుకోనీ. సంగతి మారకుంటే చాలు. బెల్టు పనిలోకి వచ్చే పిల్లలందరి కోసం ఇది. రాములు కోసం ముందు.

వెన్ను తోలు, పొట్ట తోలు

బెల్టు అనగానే జనం మెరుపు చూస్తారు. బకిల్ తళతళలాడుతోందా, రంగు నల్లగా ఉందా అని చూసి నడుముకు చుట్టేసుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. బెండకాయ కొనేటప్పుడు కొన విరిచి చూసే మనిషి, ఏళ్ళ తరబడి నడుముకు కట్టుకునే వస్తువును ఒక్కసారి వంచి చూడడు.

తోలంతా ఒకటి కాదు. దున్న వెన్ను వెంబడి ఉండే తోలు గట్టిది. పొట్ట దగ్గరిది వదులు. అది బతికున్నప్పుడే మేతకు ఉబ్బి, మళ్ళీ తగ్గి, సాగీ సాగీ ఉన్న తోలు. నీ నడుము మీదికి వచ్చాక కూడా దాని సాగుడు మానదు. అందుకే బెల్టు పట్టీని వెన్ను వెంబడే నిలువుగా కోయాలి. పొట్ట తోలుతో సంచి కుట్టుకో, చెప్పు లోపల పరుచుకో, ఎవరూ వద్దనరు. దానికి రంగు పూసి బెల్టని అమ్మేవాడు మాత్రం దొంగ. కొంచెం మెత్తగా రాద్దామా అత్తా అంటోంది సుశీల. మెత్తగా వద్దు. దొంగ అనే రాయి.

తంగేడు చెక్క నీళ్ళలో తీరిగ్గా ఊరిన తోలుకు ఒక వాసన ఉంటుంది. తడిసిన చెట్టు బెరడు వాసన. తొందరపెట్టి ఊరబెట్టిన తోలు కుళ్ళు వాసన కొడుతుంది, దాన్ని కప్పిపుచ్చడానికి అత్తరు నూనె రాసేవాళ్ళు కూడా ఉన్నారు మన ఊళ్ళో. బెల్టు దగ్గర అత్తరు వాసన వచ్చిందంటే ఆ అంగడి మెట్లు దిగిపోండి.

కుట్టు నాది. పెళ్ళయి హుస్సేనీ ఆలం గల్లీలోకి వచ్చిన కొత్తలో మా అత్త నేర్పింది. ఒకే దారం, దాని రెండు కొసలకూ రెండు సూదులు. తోలుకు బెజ్జం చేసే ఆరెతో పొడిచి, ఒక సూది ఇటునుంచి, ఒక సూది అటునుంచి లాగాలి. దారానికి ముందే మైనం పట్టించాలి. అట్లా కుడితే ఒకచోట దారం తెగినా పక్క కుట్టు పట్టుకునే ఉంటుంది. మా వాడలో ఆడవాళ్ళందరం కుడతాం. తోలు కోసే కత్తిని, రాంపిని మాత్రం ఆడది ముట్టకూడదు. ఎవరు పెట్టారో ఆ కట్టుబాటు. దాని ఫలితం ఏమిటంటే, బెల్టు మంచిదైతే కోసినవాడి గొప్ప. చెడ్డదైతే కుట్టినదాని తప్పు.

మా ఆయన అట్లా అనేవాడు కాదు. ఎవరైనా బెల్టు మెచ్చుకుంటే, కుట్టు చూడండి అని తిప్పి చూపించేవాడు. అది కూడా రాయి.

రాయి ఎందుకు కడతారంటే

కోసిన పట్టీని తడిపి, నూనె పట్టించి, దూలానికి వేలాడదీసి, కింద రాయి కడతాం. ఆ బరువు మీదే అది ఆరాలి. సాగాల్సిన సాగుడంతా మా ఇంట్లోనే సాగిపోవాలి, కొన్నవాడి నడుము మీద కాదు. ఎన్నాళ్ళు అని అడుగుతాడు రాములు. ఎండాకాలం ఒక తీరు, చలికాలం ఒక తీరు. మా ఆయన పొద్దున లేచి ముఖం కడుక్కోకముందే ఒక్కో పట్టీని చెంపకు ఆనించి చూసేవాడు. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. చల్లదనం పోతే దింపవచ్చు.

బెజ్జాలు కొట్టడం ఆ తర్వాతే. ముందే కొడితే పట్టీతో పాటు బెజ్జమూ సాగుతుంది. గుండ్రంగా కొట్టింది కోడిగుడ్డు తీరు అవుతుంది. బకిల్ ముల్లు అందులో నిలవదు, బెల్టు జారుతుంది.

ఈ రాళ్ళ వల్ల మా ఇంటికి వచ్చిన చుట్టాలు వంగి నడిచేవాళ్ళు. "అక్కా, మీ ఇంట్ల దేవుని కన్న ముందుగాల రాళ్ళకు దండం బెట్టాలె" అని మా తమ్ముడు ఎగతాళి చేసేవాడు. నవ్వుకునేవాళ్ళం. ఆ రాళ్ళే మా బెల్టుకు బలం.

సేఠ్

ఈయన గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆయనకు తోలు తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి వెన్ను ఏదో పొట్ట ఏదో చెప్పేవాడు. పశువును పట్టే గోమారి పురుగు కాటు మచ్చ ఎక్కడున్నా పట్టేవాడు. నా కుట్టు వంకర పోతే విప్పి మళ్ళీ కుట్టమని తిప్పి పంపేవాడు. నా చెయ్యి తిన్నగా కుదిరింది ఆయన తిట్ల వల్లే. అందుకే నా కోపం ఇంత. తెలియక చేసినవాడిని తిట్టి వదిలేస్తాం. ఈయన తెలిసి చేశాడు.

లడాయి, అదే జర్మనీతో యుద్ధం, మొదలు కాకముందు సంగతి. ఒక నవాబు ఉండే పెద్ద మేడ, దేవిడీ నుంచి కావలివాళ్ళకు బెల్టుల పని వచ్చింది. రంజాన్ పండుగ నాడు అందరూ కొత్త బెల్టులు కట్టి, కత్తులు వేలాడదీసుకుని దేవిడీ ముందు నిలబడాలి. సేఠ్ సరేనన్నాడు. అవి చలి రోజులు. ఎండకు పస లేదు, తోలు ఆరదు. పండుగకు అందవు, ఈసారికి పాత బెల్టులకే మెరుగు పెట్టిద్దాం అని మా ఆయన సేఠ్‌కు చెప్పాడట. అంగట్లో చోటు చాలక పట్టీలన్నీ మా ఇంట్లోనే వేలాడదీశాడు. రోజూ అన్నం తినేటప్పుడు ఇదే గోడు.

"కట్టుకున్నంక ఆరుతయ్ తియ్యి అంటున్నడు" అన్నాడు ఒకనాడు ముద్ద చేతిలో పట్టుకుని. "కట్టుకున్నంక ఆరవు సేఠ్, సాగుతయ్ అన్న. ఆయనకెరుకనే. ఎరుక లేనట్టు నవ్విండు."

అంగట్లో ఆ లొల్లి జరుగుతుండగానే గుండె ఆగిందని కొందరన్నారు. నేను అట్లా అనను. ఆయన గుండె ముందునుంచే మంచిది కాదు. చూడనిదాన్ని సేఠ్ నెత్తిన వేయను. చూసినదాన్ని వదలను.

శవం వాకిట్లో ఉండగా

ఆయనను వాకిట్లో పడుకోబెట్టారు. ఆడవాళ్ళు నన్ను పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు యాదగిరి వచ్చాడు. అంగట్లో ఆయన పక్కనే కూర్చుని పనిచేసినవాడు, మా ఇంట్లో ఎన్నోసార్లు తిన్నవాడు. ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని దూలం వైపు చూశాడు.

"వదినా, పట్టీలు తీస్కరమ్మన్నడు సేఠ్."

"అవి ఆరలే. దింపొద్దని చెప్పి పోయిండు."

"నాకెరుక లేదా? పండుగ మీదికొచ్చింది. సేఠ్ మస్తు ఫికర్ల ఉన్నడు."

"నీ చెంపకు ఆనించి సూడు యాదగిరీ. సూసి నువ్వే చెప్పు."

ఆనించి చూడలేదు. చూస్తే చల్లగా తగులుతుందని అతనికి తెలుసు. రాళ్ళు ఒక్కోటి విప్పి గోడ పక్కన పెట్టాడు, చప్పుడు కాకుండా మెల్లగా పెట్టాడు. చావు ఇంట్లో చప్పుడు చేయకూడదు కదా, ఆ మర్యాద తెలుసు. పట్టీలన్నీ మోపు కట్టి భుజాన వేసుకుని శవం పక్కనుంచే పోయాడు. నేను లేవబోయాను. ఆడవాళ్ళు నేను మొగుడి మీద పడి ఏడవబోతున్నాననుకుని గట్టిగా పట్టుకున్నారు.

ఈ పనిలో యజమానులు చేసే అన్యాయాలు మస్తుగా చూశాను. కానీ దేని గురించైనా ఇప్పటికీ నాకు మెతుకు దిగకుండా పోతుందంటే అది దీని గురించే. ఒక మనిషి చివరి మాట ఇంకా ఇంట్లోనే ఉంది. దాన్ని విప్పుకుని పోయారు.

నయాపూల్ అంగట్లో

అంగట్లో ఆ పట్టీలకు వెంటనే బెజ్జాలు కొట్టి, బకిళ్ళు పెట్టి, రంగు వేసి దేవిడీకి పంపారు. కుట్టు కూడా నా దగ్గరికి రాలేదు, ఇంకెవరితోనో కుట్టించారు. పండుగ నాడు కత్తుల బరువుకు బెల్టులు సాగి జారాయి. సలాం చేయబోయిన ఒకడికి బెల్టు మోకాళ్ళ దాకా వచ్చిందని లాడ్ బజారులో గాజులమ్మేవాళ్ళు కూడా చెప్పుకుని నవ్వారు. ఎవరి నవ్వు వాళ్ళది. నాకు తెలిసింది యాదగిరి పెండ్లాం వల్ల. నల్లా దగ్గర బిందె నింపుకుంటూ, సేఠ్ తప్పంతా చనిపోయినాయన మీద పెట్టాడని చెప్పింది. తోలు ఆయనే చెడ్డది కోశాడని దేవిడీ వాళ్ళకు చెప్పాడట.

మొగుడు పోయిన ఆడది అప్పుడే గడప దాటకూడదు. దాటాను. కొంగు నెత్తిన వేసుకుని నయాపూల్ దాకా నడిచి పోయాను. అంగట్లో దేవిడీ నుంచి తిరిగొచ్చిన బెల్టులు కుప్పగా పడి ఉన్నాయి. దేవిడీ కావలివాళ్ళ మీద పెద్ద, జమేదార్, నిలబడి ఉన్నాడు. యాదగిరి, మిగతా పనివాళ్ళు ఎవరి పీట మీద వాళ్ళు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి సేఠ్ తడబడలేదు. చెయ్యి చాపి చూపించాడు.

"ఇగో సాబ్, చేసినోని పెండ్లామే వచ్చింది. ఆమెనే అడుగుండ్రి."

"క్యా నామ్ ఉస్‌కా? పేరేంది నీ మొగనిది?" అన్నాడు జమేదార్.

మాలో భార్య భర్త పేరు నోట పలకదు. ఆయన బతికున్నప్పుడూ పలకదు, పోయాకా పలకదు. పక్కనున్నవాళ్ళు అందించాలి. అందరికీ తెలిసిన మర్యాదే. నేను యాదగిరి వైపు చూశాను. అతను బెజ్జాల ఉలిని చేతిలో తిప్పుతూ తల వంచుకున్నాడు. ఆ పేరు పలికితే దాని వెనక మిగతాది కూడా పలకాల్సి వస్తుందని భయం. ఎవరూ అందించలేదు. నేను పేరు వదిలేసి సంగతి చెప్పాను. తోలు వెన్నుదే, ఆరకముందే ఇంటికి వచ్చి దింపుకుని పోయారు అన్నాను. జమేదార్ సేఠ్ ముఖం చూశాడు. సేఠ్ జాలిగా తల ఊపాడు.

"మొగడు పోయిన దుఃఖంల ఉన్నది సాబ్. పేరు గూడ నోట్లకెల్లి వస్తలేదు, పాపం."

సేఠ్‌కు మా కట్టుబాటు తెలియదా? మా వాడ మనుషులతోనే ఆయన అంగడి నడిచింది. మా ఇళ్ళలో పెళ్ళికీ చావుకూ వచ్చినవాడు. మేము పెట్టుకున్న మర్యాదను తాడు చేసి నా నోటికే కట్టాడు. జమేదార్‌కు నిజంతో పని లేదు, ఆయనకు కావాల్సింది బెల్టులు. కొత్తవి చేసిస్తానని సేఠ్ మాటివ్వగానే వెళ్ళిపోయాడు.

అప్పుడు సేఠ్ నాతో మెత్తగా మాట్లాడాడు. ఆయన కోపంగా మాట్లాడినప్పుడు నాకెప్పుడూ భయం వేయలేదు.

"సూడమ్మా. కుట్టుడు పని ఎప్పటి లెక్కనే నీ ఇంటికి పంపిస్త. ఈ లొల్లి మాత్రం జెయ్యకు. సచ్చినోనికి పేరు ఉంటేంది, పోతేంది? బతికినోల్లం మనం."

"మీరు బతికిండ్రు గద సేఠ్" అన్నాను. "అయితే మీ పేరే పోగొట్టుకోండ్రి."

రాంపి పట్టాను

ఇంటికి పని రావడం ఆగిపోయింది. మా మరిది, అంటే రాములు తండ్రి, వచ్చి సేఠ్ మాటకు ఒప్పుకోమన్నాడు. కుల పెద్ద వచ్చి ఒప్పుకోమన్నాడు. ఒక్క మాట మింగితే పొయ్యి వెలుగుతుంది కదా అన్నారు. ఆ మాట వాళ్ళు మింగితే ఇంకా బాగా వెలిగేది, కానీ అది నా ఒక్కదాని గొంతులోనే దిగాలట.

పెండ్లినాటి ఇత్తడి బిందె ఇచ్చి దున్న తోలు తెచ్చుకున్నాను. ఆయన రాంపి తీసి నూరాను. మొదటి పట్టీ పాము పోయినట్టు వంకరగా వచ్చింది. రెండోది అంతకన్నా నయం. గోడ పక్కనున్న రాళ్ళు మళ్ళీ దూలానికి ఎక్కాయి. ఈ సంగతి వాడంతా పాకింది. కుల పెద్ద మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఆడిది రాంపి పడితే వాడ పరువేం గావాలె?"

"మొగోళ్ళు పట్టిన్నాడు మోకాళ్ళ దాంక జారింది గద పెద్దయ్యా. ఇంకింత జారితే నేను పట్టుకుంట తియ్యి."

అరుగు కింద ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన లేచి పోయాడు. మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళు ఎవరూ కొనలేదు. తర్వాత టాంగా వాళ్ళు వచ్చారు. వాళ్ళు మెరుపు చూడరు, గుర్రానికి కట్టేది ఎట్లా లాగి చూస్తారో బెల్టునూ అట్లాగే లాగి చూస్తారు. వాళ్ళ నడుముల మీదే నా బెల్టులు ఊరంతా తిరిగాయి. లడాయి రోజుల్లో తోలు దొరకడం కష్టమైంది. పొట్ట తోలు మాత్రం ఎప్పుడూ దొరికేది. తెచ్చుకోలేదు. లేనినాడు లేదని చెప్పాను, తిట్టిపోయినవాళ్ళు తిట్టిపోయారు.

ఒకనాడు యాదగిరి వచ్చాడు. దూలం కింద కూర్చున్నాడు. నాది తప్పయింది వదినా, అన్నాడు.

"ఇంట్ల చెప్పిన మాట నాకెందుకు యాదగిరీ? అంగట్ల చెప్పు."

చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పలేదు. పిల్లలూ, ఇది బాగా వినండి. సేఠ్ తన వ్యాపారం చూసుకున్నాడు, ఆయన తీరు అది. నా లెక్కలో యాదగిరి పాపం ఇంకా బరువు. పని తెలిసినవాడు, పక్కనే కూర్చున్నవాడు, నోరు తెరిస్తే ఆ ఒక్కడి మాటే చెల్లేది. చెయ్యి ఎంత బాగా పనిచేసినా, అవసరమైన చోట నోరు పనిచేయని వాడిని నేను పనివాడనను.

రాములూ, విను

ఇప్పుడు నా కళ్ళకు సూది బెజ్జం కనపడదు. పని మానేశాను. సేఠ్ పోయాడు, ఆయన కొడుకు గల్లా దగ్గర కూర్చుంటున్నాడు. రాములే చెప్పాడు, గొప్పగానే చెప్పాడు. ఎవరైనా వస్తే ఆ కొడుకు మా ఆయన పేరు తీసి, ఇది ఆ ఉస్తాద్ చేతి పని, మా అంగడి పాత పద్ధతి అని అమ్ముతున్నాడట. రాములు ఇవాళ నాకు ఒక బెల్టు తెచ్చి చూపించి, బయట అరుగు మీద కూర్చున్నాడు. కళ్ళు లేకున్నా వేళ్ళున్నాయి. వంచాను. పైన పలచటి తోలు, కింద పలచటి తోలు, నడుమ అట్ట.

చూశారా వాళ్ళ తెలివి. అప్పుడు పాడు బెల్టుకు ఆయన పేరు పెట్టారు. ఇప్పుడూ పాడు బెల్టుకే ఆయన పేరు పెడుతున్నారు. అప్పుడు తిట్లు తప్పించుకోవడానికి, ఇప్పుడు అమ్ముకోవడానికి. ఆ పేరు మీద ఒక నిజం మాట మాత్రం ఆ అంగట్లో ఎన్నడూ పలకలేదు.

రాములూ, పనికి పో, నేను ఆపను. కడుపు నిండాలి. నీ ఇంట్లో పిల్లలున్నారు. కానీ ఆ పీట మీద కూర్చునే ముందు తెలుసుకుని కూర్చో. పచ్చి పట్టీకి బెజ్జం కొట్టమంటే ఉలి కింద పెట్టు. అట్ట పెట్టి అంటించిన దాన్ని ఎవరైనా నీ చేతి పని అంటే, కాదని అక్కడే చెప్పు, ఇంటికొచ్చి పెండ్లాంతో చెప్పకు. నీ పక్కవాడి మీద అబద్ధం పడితే తల వంచుకోకు. కొనేవాళ్ళకు కూడా చెబుతున్నాను, బెల్టును వంచండి, అంచు చూడండి, అంచు మీద తోలు ఒకటే కనపడాలి, వెనక్కి తిప్పి కుట్టు చూడండి, లాగండి. అంగడివాడు వద్దంటే అదే మీకు జవాబు.

సుశీలా, ఇప్పుడు పేరు రాయి. రాయవే, ఏం చూస్తావు నా ముఖం? కట్టుబాటు నాది, పాటించాను. దాన్ని వాడుకున్నది వాళ్ళు. ఎవరో అందిస్తారని ఇన్నాళ్ళు చూశాను, ఎవరూ అందించలేదు. నేనే చెబుతున్నాను.

ముత్తయ్య. హుస్సేనీ ఆలం ముత్తయ్య. ఆయన కోసింది వెన్ను తోలు. ఆయన దింపలేదు, దింపొద్దన్నాడు. దింపించింది సేఠ్, దింపింది యాదగిరి.

రాశావా? రాములు పోయాడా, ఇంకా అరుగు మీదనే ఉన్నాడా? ఉన్నాడు కదా. అయితే మొదటినుంచి నాకు చదివి వినిపించు. నా చెవులు బాగానే పనిచేస్తాయి, అయినా గట్టిగానే చదువు బిడ్డా.